వంటింటి ఆవిరి

పంతొమ్మిది వందల డెబ్బయిల్లో మా మేనత్త షటిల్ ఆడి రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. ఉద్యోగమూ ఆటతోనే వచ్చింది. నాకు మాత్రం ఆమె అనగానే ఛత్రినాక ఇంటి పెరట్లో, స్నానాల నీళ్లు కాగే పొయ్యి ముందు కూర్చున్న మనిషే గుర్తొస్తుంది. ఆవిరి పడితే ఈకలు తొందరగా విరగవని, పోటీకి ముందు ఒక్కో షటిల్ కాక్‌నూ ఆ ఆవిరి మీద తిప్పేది, పసిపిల్ల తల ఆరబెట్టినంత నెమ్మదిగా.

వంటింట్లోకి మాత్రం నానమ్మ రానిచ్చేది కాదు.

"గుడికి నైవేద్యం వండే పొయ్యి కాడికి బాతు ఈకలు తెస్తవానే? అవుతలికి పో!"

"గవి గూడ దేవుడిచ్చినయేనే అమ్మా," అని నవ్వేది అత్త.

ఒక పోటీలో ఆమె మోకాలు దెబ్బతింది. ఇక ఆడొద్దన్నాడు డాక్టరు. కాక్‌ల డబ్బా అటకెక్కింది. అత్త గోడకు ఆనుకుని, ఖాళీ వేళ్లు తిప్పుకుంటూ కూర్చునేది.

ఒక సాయంత్రం నానమ్మ వంటింట్లో అన్నం గిన్నె మూత తీసి, అత్త వైపు చూడకుండానే పిలిచింది.

"ఏమే, ఆవిరి మస్తు వస్తున్నది. నీ ఈకలు తెచ్చుకో."

అత్త కుంటుతూ వెళ్లి ఒక్క కాక్ తెచ్చింది. ఇక ఎవరూ ఆడని ఆ కాక్‌ను ఆవిరి మీద తిప్పుతూ కూర్చుంది. అన్నం ఎప్పుడో ఉడికిపోయింది. నానమ్మ ఇంకా మంట ఎగదోస్తూనే ఉంది.