కుడికి తిరిగిన మెడ

ఏసుదానం మెడ ఎప్పుడూ కుడికే తిరిగి ఉంటుంది. ముందు పెట్టెల గోడ అడ్డం కాబట్టి, ఏళ్ల తరబడి ఫోర్క్‌లిఫ్ట్‌ని వెనక్కి చూస్తూనే నడిపాడు మరి. చర్చిలో ఎడమ గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప అతనికి పాస్టరుగారు కనిపించరు. అతనితో మాట్లాడాలంటే ఎవరైనా కుడిపక్కకే వస్తారు. భోగాపురం దగ్గర అతను పనిచేసే రొయ్యల కంపెనీలో ఈ బండ్లు మూడు రకాలు. ఆరుబయట లారీలకు పొగ కక్కే డీజిల్‌ది, చల్లగదిలోకి బ్యాటరీది, పైఅరలకు పొడుగు బండి. ఆ పొడుగుది పాడై నెలలైంది. బాగుచేయించడం కన్నా మనిషిని ఎక్కించడమే కంపెనీకి చవక.

ఆవేళ పైఅరలో పెట్టెలు ఒరిగాయి. సూపర్‌వైజరు కూలిమనిషి శాంతిని బ్యాటరీ బండి ఇనప కొమ్ముల మీద నిలబెట్టి, ఎత్తమని ఏసుదానానికి చెప్పాడు. అతను బండి తాళంచెవి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఇది సరుకెత్తే బండండి. మనిషి జారితే పట్టుకోడానికేటీ నేదు."

"నాను జారన్లే మావా, ఎత్తీ!" అంది శాంతి కంగారుగా.

అతను ఎత్తలేదు. సూపర్‌వైజరు రేపటి నుంచి రావొద్దన్నది శాంతిని. బండి నడిపేవాడు మళ్లీ దొరకడు, కూలివాళ్లు గేటు బయట బోలెడుమంది.

సాయంత్రం షేరాటోలో శాంతి కావాలనే అతనికి ఎడమపక్క కూర్చుంది.

"నీ మంచితనం నిన్నేటి సేసింది మావా? నా కూలి తినీసింది."

మెడ తిరగక, ఏసుదానం ఒళ్లంతా ఆమెవైపు తిప్పాడు. జేబులోంచి బండి తాళంచెవి తీసి చూపించాడు.

"ఆడికియ్యనేదు. ఇది నేందే బండి కదల్దు. రేపు ఇద్దరం కలిసే ఎల్దాం."