ద్రాస్‌లో మేజోళ్ళ బంతి

మహమూద్ ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళాలు. సైన్యంలో చేరేరోజు గుంటూరులో కొలత కర్ర కింద నిలబడినప్పుడు ఆ అర అంగుళమే అతన్ని గట్టెక్కించింది. కానీ అంతకు ముందు, తెనాలిలో వాలీబాల్ ఆడే కుర్రాళ్ళ దగ్గర మాత్రం ఆ ఎత్తు ఎందుకూ పనికి రాలేదు. "నెట్ దగ్గర నిలబడితే నీకు అవతలోళ్ళ చొక్కా గుండీలే కనపడతాయిరా" అనేవాళ్ళు. అందుకని అతను స్కోరు రాసేవాడు, మురిక్కాలవలో పడ్డ బంతిని తీసి తుడిచిచ్చేవాడు. అందులోనే సంతోషం వెతుక్కునేవాడు. మార్కెట్ దగ్గర దర్జీ కొట్టు నడిపే తండ్రి, "ఆడనివాడికి ఆటంటే అంత పిచ్చేంట్రా" అని ఆశ్చర్యపోతూ ఉండేవాడు.

తొంభై మూడు వేసవిలో బాపట్లలో పెద్ద టోర్నమెంటు జరిగింది. మహమూద్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళి, మూడు రోజులూ గ్రౌండు పక్కన చెక్కల గ్యాలరీ మీదే కూచున్నాడు. ఆ టోర్నమెంటుకి సైన్యం జట్టు ఒకటి వచ్చింది. అందులో జార్జి అని రేపల్లె మనిషి ఒకడున్నాడు. ఎడమచేతి షూటర్. ఎగిరినప్పుడు గాల్లో ఒక్క క్షణం ఆగినట్టుండేవాడు. తర్వాత బంతి ఎక్కడ పడిందో కళ్ళకి తెలిసేలోగా లైన్ రిఫరీ జెండా దించేసేవాడు.

ఫైనల్లో అయిదో సెట్టు. రెండు జట్లకీ పద్నాలుగేసి. అవతలివాడు కొట్టిన బంతి గీత దాటి పడింది. రిఫరీ సైన్యం జట్టుకి పాయింటు ఇచ్చాడు. గ్రౌండంతా ఈలలు. అప్పుడు జార్జి చెయ్యెత్తి, తన ఎడమచేతి చిటికెనవేలు చూపించాడు. బంతి నా వేలికి తగిలి బయటికి పోయింది అని. పాయింటు అవతలివాళ్ళకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి పాయింటూ పోయింది. సైన్యం జట్టు ఓడిపోయింది. జనం ఓడినవాళ్ళ కోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మహమూద్ గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. దగ్గరికి వెళ్ళి మాట్లాడదామంటే జనం తోసేశారు. తిరుగు రైల్లో తలుపు దగ్గర నిలబడి, తనూ సైన్యంలో చేరాలని అప్పుడే ఖాయం చేసుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని.

రెండేళ్ళకి చేరాడు. లారీ డ్రైవరు పని ఇచ్చారు. ఏ ఊళ్ళో దిగినా ముందు వాలీబాల్ కోర్టు ఎక్కడుందో కనుక్కునేవాడు. జార్జి ఫిరంగి దళంలో ఉన్నాడని మొదటి సంవత్సరమే తెలిసింది. కానీ ఇతను వెళ్ళేసరికి ఆ దళం ఇంకోచోటికి కదిలిపోయేది. ఒకసారి పఠాన్‌కోట్‌లో వారం రోజుల తేడాతో తప్పిపోయాడు. ఎప్పటికైనా కనిపిస్తే అడగాల్సిన ప్రశ్నలు మాత్రం రోజురోజుకీ పెరుగుతూ పోయాయి.

తొంభై తొమ్మిది జూన్‌లో కార్గిల్ యుద్ధం ముమ్మరంగా సాగుతోంది. మహమూద్ శ్రీనగర్ నుంచి జోజిలా కనుమ మీదుగా ద్రాస్‌కి ఫిరంగి గుండ్లు మోస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అతని లారీతో పాటు మరో ఇద్దరి లారీలు, రోడ్డుకి దిగువన రాళ్ళ మధ్య ఉన్న ఫిరంగుల దగ్గరికి చేరాయి. గుండ్లు చేతులతోనే దించాలి. ఒక్కోటి నలభై కిలోల పైన. నాలుగు రోజులుగా నిద్రలేని మనుషులు వరసగా నిలబడి అందుకుంటున్నారు. అందరికీ గడ్డాలు, మొహాల నిండా పొగ మసి. వరసలో మొదట నిలబడ్డ పొడుగాటి హవల్దారు ఒక గుండు భుజానికెత్తుకుంటూ, "అమ్మో, నడుం పోయింది" అన్నాడు.

ఆ కొండల్లో తెలుగు మాట వినపడేసరికి మహమూద్ లారీ మీంచి వంగి చూశాడు.

"అన్నా, మీదేవూరండీ?"

"రేపల్లె. నీది?"

"తెనాలండీ."

"ఓరి, పక్కింటోడివే. ఇంకోటి అందియ్యి తమ్ముడూ."

తర్వాతి గుండు కోసం ఆ మనిషి ఎడమచెయ్యి చాపాడు. దాన్ని చూడగానే మహమూద్ చేతుల్లో గుండు బరువు తెలియలేదు. "మీరు జార్జి గారా అండీ? షూటర్ జార్జి గారా?" అన్నాడు.

హవల్దారు నవ్వాడు. మసి మొహంలో పళ్ళు తెల్లగా మెరిశాయి. "ఇక్కడ కూడా షూటరే. బంతులే కొంచెం బరువు. నేనెలా తెలుసు నీకు?"

బాపట్ల సంగతి, పఠాన్‌కోట్ సంగతి, ఆరేళ్ళ వెతుకులాట అంతా మహమూద్ ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెప్పి ఆగిపోయాడు. దాచుకున్న ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి, "భోంచేశారా అన్నా?" అన్నాడు.

"ఆరేళ్ళు వెతికింది ఇది అడగటానికా?"

వరసలో వాళ్ళకి భాష తెలియకపోయినా జార్జి నవ్వు చూసి నవ్వారు. మహమూద్‌కి ధైర్యం వచ్చింది. "ఆ రోజు పాయింటు ఎందుకిచ్చేశారన్నా? రిఫరీ చూళ్ళేదుగా."

"వేలు నాది కదా తమ్ముడూ. తగిలిందని నాకు తెలుసుగా" అన్నాడు జార్జి, అదొక పెద్ద విషయం కానట్టు. "నువ్వు ఆడతావా?"

"లేదన్నా. ఎత్తు చాలదు."

"బంతి లేపిచ్చే లిఫ్టర్‌కి ఎత్తెందుకు? చేతులు కావాలి. కిందికి దిగు."

మూడో లారీ ఖాళీ అయ్యేవరకు ఇరవై నిమిషాలు టైముంది. జార్జి తన సంచిలోంచి ఉన్ని మేజోళ్ళు తీసి, ఫిరంగి తుడిచే నూలు పీచు ఒకదానిలో కుక్కి, రెండోది దానికి తొడిగి ముడేశాడు. అదే బంతి. రెండు రాళ్ళ మధ్య తాడు కట్టారు. అదే నెట్. "నా చేతికి అందియ్యకు. నేను రాబోయే చోట పెట్టు. నేనొస్తా" అన్నాడు.

మొదటిది మహమూద్ మరీ కిందుగా లేపాడు. రెండోది కుదిరింది. జార్జి పెద్ద బూట్లతోనే ఎగిరి కొట్టాడు. మూడోది ఇంకా బాగా కుదిరింది. ఆ దెబ్బకి మేజోడు చిరిగి, పీచంతా ఎగిరి, బండ చాటున ఉడుకుతున్న పప్పులో పడింది. వంటవాడు గరిటె పట్టుకుని హిందీలో తిట్లందుకున్నాడు. నాలుగు రోజులుగా ఫిరంగి మోత తప్ప ఏమీ వినని మనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడైతే రాయి మీద కూలబడ్డాడు.

ఇంతలో లారీలు కదలాలని విజిల్ వేశారు. జార్జి అతని రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. "నువ్వు లిఫ్టర్‌వి తమ్ముడూ. ఎత్తు సంగతి మర్చిపో" అన్నాడు. అంతే. మహమూద్ లారీ ఎక్కాడు.

మొదటి మలుపు తిరిగాడో లేదో, వెనకాల శత్రువుల గుండ్లు పడటం మొదలైంది. ఆగడానికి లేదు. మూడు రోజుల తర్వాత మళ్ళీ సరుకుతో వస్తే అక్కడ ఫిరంగులు లేవు, మనుషులు లేరు. పొడుగాటి మదరాసీ హవల్దారుకి దెబ్బ తగిలితే ఎత్తుకెళ్ళారని ఎవరో అన్నారు. బతికాడా అని మహమూద్ అడగలేదు. తర్వాత జార్జి దళం పేరున ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు.

కానీ ఆ మాట అతని చేతుల్లో ఉండిపోయింది. ఆ మరుసటేడు జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడు కోర్టుకి వెళ్ళి, "నేను లిఫ్టర్‌ని" అన్నాడు. పెట్టుకున్నారు. తర్వాత పదేళ్ళూ తన కంపెనీ జట్టుకి అతనే లిఫ్టర్. పంజాబీ షూటర్లు, హర్యానా షూటర్లు, తలెత్తి చూడాల్సినంత పొడుగు మనుషులు, "మహమూద్ లేపితేనే కొడతాం" అనేవాళ్ళు. పెళ్ళయ్యాక భార్య రుక్సార్ తీసుకొచ్చిన గాజు బీరువాలో చీనీ కప్పులు పెట్టే అరలో అతను గెలిచిన కప్పులు చేరాయి.

రెండువేల పన్నెండులో పదవీ విరమణ చేసి తెనాలి వచ్చాడు. ఇప్పుడు ఒక కాలేజీ బస్సు నడుపుతున్నాడు. మొన్న డిసెంబరులో కాలేజీ జట్టుని ఆటల పోటీలకి బాపట్ల తీసుకెళ్ళాడు. గ్యాలరీ సిమెంటుది కట్టారు కానీ గ్రౌండు అదే. సాయంత్రం ఇంటికొచ్చి రుక్సార్‌కి మళ్ళీ మొత్తం కథ చెప్పాడు.

రుక్సార్ జాకెట్టుకి కాజాలు కుడుతోంది. దారం కొరికి, "ఇరవై మూడేళ్ళుగా వింటున్నా ఈ కథ. చివర్లేదు దీనికి" అంది. "గంట రైలండీ రేపల్లె. ఎందుకు వెళ్ళరు?"

"వెళ్ళి అడిగితే, లేడంటారేమో" అన్నాడు మహమూద్.

"ఉన్నారంటే? ఆయన ముసలాడై పోతున్నాడు, మీరూ అవుతున్నారు. ఆదివారం వెళ్దాం. నేనడుగుతా. మీరు పక్కన నిలబడండి చాలు."

ఆదివారం మధ్యాహ్నం రేపల్లె స్టేషన్లో దిగారు. బయట టీ కొట్టు మనిషిని రుక్సారే అడిగింది. "బాబాయ్, వాలీబాల్ ఆడే జార్జి గారని, మిలటరీలో చేసినాయన..."

"షూటర్ జార్జి గారేనా అమ్మా? ఈ టైముకి చర్చి వెనకాల గ్రౌండులో ఉంటారు. పిల్లలకి నేర్పుతారుగా."

మహమూద్ చేతిలో టీ గ్లాసుతోనే రోడ్డు మీదికి నడవబోయాడు. రుక్సార్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. అతని వైపు చూడకుండా, "నడవండి" అంది.

జార్జి కుర్చీలో కూచుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, కుడి మోకాలు వంగదు, పక్కన చేతికర్ర. ముందు ఆరుగురు ఆడపిల్లలు ఆడుతున్నారు. మహమూద్ ఎదురుగా నిలబడి, పేరు చెప్పి, ద్రాస్ సంగతి చెప్పాడు. జార్జి నిదానంగా చూసి తలూపాడు. "మేజోళ్ళ బంతి గుర్తుంది తమ్ముడూ. కానీ ఆ రోజు లేపింది పొడుగాటి పంజాబీ అబ్బాయి కదా."

రుక్సార్ ముందుకొచ్చింది. "పంజాబీ ఎవరండీ అన్నయ్యగారూ? మా ఆయనే. మీ పేరు చెప్పుకుని పదేళ్ళు ఆడారు. బీరువా నిండా కప్పులున్నాయి, చూపిస్తాను రండి."

"పోనివ్వవే" అని గొణిగి, మహమూద్ జార్జి వైపు తిరిగాడు. "మూడోసారి కొట్టినప్పుడు మేజోడు చిరిగిందన్నా. పీచంతా..."

"పప్పులో పడింది" అన్నాడు జార్జి. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేవబోయాడు. "దాన్నే రెండు పూటలా తిన్నారట మావాళ్ళు. వడకట్టుకుని. ఓరి తెనాలోడా, భోంచేశారా అన్నది నువ్వేనా?"

ఇద్దరూ కావిలించుకున్నారు. జార్జి కర్ర కింద పడిపోయింది. ఇతను వెళ్ళిన పావుగంటకే మోకాలికి దెబ్బ తగిలిందనీ, శ్రీనగర్‌లో, తర్వాత ఢిల్లీలో ఏడు నెలలు ఆస్పత్రుల్లో ఉన్నాననీ, ఆ రోజు జ్ఞాపకాలన్నీ కలగాపులగం అయిపోయాయనీ జార్జి చెప్పాడు. మహమూద్ ఉత్తరం సంగతి ఎత్తాడు. "అది నాకు చేరలేదు. చేరుంటే ఆ పంజాబీ వాడికి ఇన్నేళ్ళు నీ పేరు అప్పజెప్పేవాణ్ణి కాదు."

తర్వాత కోర్టు వైపు కేకేశాడు. "సాయి సుధా, ఇటు రా. ఈ మావయ్య బంతి లేపితే కొట్టు. నీ దగ్గరికి రాదు, నువ్వే వెళ్ళాలి."

మహమూద్ చెప్పులు విడిచి నెట్ దగ్గరికి నడిచాడు. ఓ పది బంతులు లేపాడు. పదిలో ఎనిమిది ఆ పిల్ల అవతలికి కొట్టేసింది. మిగతా పిల్లలు మాకూ మాకూ అని వరస కట్టారు. జార్జి ప్రతి దెబ్బకీ చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు.

వాళ్ళు నాలుగింటి రైలు వదులుకున్నారు. జార్జి భార్య రాహేలు రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు వడ్డించింది. రుక్సార్‌ని, "ఇంకొంచెం వేసుకో వదినా, మళ్ళీ ఎప్పుడొస్తారో" అంటే, "వచ్చే ఆదివారం వస్తాం" అంది రుక్సార్. భర్తని అడగలేదు.

చీకటి పడేలోపు వచ్చిన రైల్లో సీటు దొరికింది. రైలు కదలగానే రుక్సార్ గుంటూరులో ఉన్న కూతురు నాజియాకి ఫోను చేసింది. "మీ నాన్న నోరు తెరవకుండా నిలబడిపోయారే. నేనే అడిగాను. నేనే వాదించాను. అసలు నేను లేకపోతే ఆ పంజాబీ వాడే మిగిలేవాడు." అలా చెప్తూ పోయింది. పప్పు ముచ్చట ఒకటీ, తను వెళ్తేనే అన్నీ గుర్తొచ్చాయన్నది ఒకటీ, రెండు మూడు చోట్ల జరిగినదానికంటే ఎక్కువే చెప్పింది.

మహమూద్ కిటికీ పక్కన కూచుని వింటున్నాడు. వేళ్ళ చివరలు ఎర్రగా మండుతున్నాయి. ఆమె చెప్పినవాటిలో ఒక్కదాన్నీ సరిదిద్దలేదు.