సైలు వాటా రొట్టె

దెయ్యాలంటే నాకు ఇప్పటికీ నవ్వే. రియాద్‌లో ఏసీ మెకానిక్‌గా చీకటి బేస్‌మెంట్లలో ఒంటరిగా పనిచేసినవాణ్ణి, ఏనాడూ జడవలేదు. ఒక్క శుక్రవారం సంగతే నాకు మింగుడుపడదు.

నా రూమ్మేట్ సైలుది జగిత్యాల దగ్గరి పల్లె. గల్ఫ్ యుద్ధమప్పుడు నిద్రలోనే గుండె ఆగి పోయాడు. విమానాలు లేక, యుద్ధం ముగిశాక గానీ శవం ఊరికి చేరలేదు.

దహనమైన మూడో రోజు ఇంటివాళ్లు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు లెక్క. ఆ శుక్రవారం పొద్దున నేను రియాద్ నుంచి వాళ్ల ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేస్తే, సైలు భార్య లచ్చవ్వ ఏడుస్తోంది.

“కోడికూర వెట్టినం, కల్లు వెట్టినం. పిట్ట దగ్గరికే వస్తలేదన్నా. ఆడ ఆయన ఏం తినేటోడు? పొద్దు గూకెలోపల నువ్వన్న వెట్టి సూడు.”

అప్పటిదాకా పిల్లలతో సహా ఎవరూ ముద్ద ముట్టలేదట.

సైలు తిండిపోతు. శుక్రవారమొస్తే నన్ను రియాదంతా తిప్పి తినిపించేవాడు. ఆ దారినే బయలుదేరాను. ఈజిప్టువాడి దగ్గర ఉడికిన గింజల ఫూల్, బత్హా బజారులో మలయాళీ హోటల్ చేప వేపుడు, పాకిస్తానీ దగ్గర మాంసం పులుసు నిహారీ. జుమ్మా నమాజుకు షట్టర్లు దించితే, మళ్లీ తెరిచేదాకా ఎండలో నిలబడి యెమెనీవాడి దగ్గర మాంసం అన్నం మందీ కొన్నాను. ప్రతిచోటా వెనక సందులో గోడమీద పిడికెడు పెట్టి, దండం పెట్టి, చాటున నిలబడ్డాను. అక్కడ వేరే మతం పూజలు నిషేధం, ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడి ఇంటికి పోవడమే. పక్కనే పావురాలున్నా ఒక్కటీ రాలేదు. రియాద్‌లో కాకినైతే నేనసలు చూడనేలేదు.

మూడు దాటింది. రెండున్నర గంటలు ముందుండే సైలు ఊళ్లో పొద్దు వాలుతూ ఉంటుంది. ఇక హోటళ్లు తిరగడం ఆపేశాను. ఎందుకంటే, వాడికి నేనేం బాకీ ఉన్నానో పొద్దున్నించీ నాకు తెలుసు.

వాడు పోయే ముందు రోజు సాయంత్రం క్షిపణి దాడి సైరన్ మోగింది. గ్యాస్ మాస్కులు తగిలించుకుని కూర్చున్నాం. సైరన్ ఆగాక సైలు తన తమీస్ రొట్టెను సగానికి చీల్చి నాకిచ్చాడు. తన సగం కాగితంలో చుట్టి, వచ్చాక తింటానని డ్యూటీకి పోయాడు. ఆకలికి అదీ నేనే తినేశాను. వాడొచ్చి కాగితం చూసి నవ్వాడు. నీళ్లు తాగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

అఫ్గానీ కొట్లో చిన్న తమీస్ ఒకటి కొని మా డాబా ఎక్కాను. రొట్టె పిట్టగోడమీద పెట్టి, “సైలూ, నీ వాటా నేనే తిన్నరా, తప్పయింది” అన్నాను. ఏడుపాగలేదు.

కళ్లు తుడుచుకుని చూస్తే గోడమీద కాకి ఉంది. అది రొట్టెను కాలితో తొక్కిపట్టి ముక్కుతో చీల్చింది. ఒక సగం ఎత్తుకుపోయింది. రెండో సగం నావైపు పడి ఉంది. టైము చూశాను, మూడూ నలభై.

ఆ రాత్రి ఫోన్‌లో లచ్చవ్వ గొంతు తేలికపడి ఉంది. పొద్దు గూకే ముందు, ఆరూ పదికి ముట్టిందట. ఊళ్లో ఆరూ పది అంటే రియాద్‌లో మూడూ నలభైయే. నేను రియాద్‌లో ఇంకో ఏడేళ్లున్నాను. మరో కాకి కనపడలేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఇది నాకు తెగలేదు.

“ఏం వెట్టినవన్నా?” అని అడిగింది లచ్చవ్వ. రొట్టె అన్నాను. అది ఎవరి వాటా అన్నది ఆమెకు ఈనాటికీ చెప్పలేకపోయాను.