కురిసే కారవాన్

మా ఆయనకు వంటింటి కుళాయి బిగించడం రాదు. అలాంటి మనిషి ఒక ఆదివారం పాత కారవాన్‌ను కారు వెనక తగిలించుకుని తెచ్చి, ఐర్లండ్‌లో స్వోర్డ్స్ అనే ఊళ్లోని మా ఇంటి ముందు నిలబెట్టాడు. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, అగ్గిపెట్టెంత స్నానాల గది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అన్నాను. ఆయన నవ్వి, వేసవి సెలవుల్లో పిల్లల్ని సముద్రం పక్కన నిద్ర లేపుతానన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన ముచ్చటపడి తనకోసం కొనుక్కున్నది అదొక్కటే. ఆ సంగతి తెలిసి కూడా నేను ఎగతాళి మానలేదు.

నెల తిరక్కుండానే ముందువైపు మంచం కింద మూల తడిసింది. పరుపు ఎత్తితే ముక్కిపోయిన వాసన. ఇక్కడ వానకు వేళాపాళా ఉండదు కదా, తడి ఆరే దారే లేదు. మా ఆయన వీడియోలు చూసి కిటికీల చుట్టూ సందులు పూడ్చే సీలెంట్ పూశాడు. మళ్లీ తడిసింది. నిచ్చెన ఎక్కి పైకప్పంతా పూశాడు. మళ్లీ తడిసింది. తలకు ఆముదం పట్టించినట్టు ట్యూబు ఖాళీ అయ్యేదాకా పూసేవాడు పాపం.

"ఏమండీ, రాత్రికి గొడుగు వేసుకుని పడుకుందామా?" అనేదాన్ని. అక్కడితో ఊరుకున్నానా? పండగ భోజనాల దగ్గర పులిహోర వడ్డిస్తూ నలుగురికీ చెప్పాను. అప్పటినుంచి స్వోర్డ్స్, టాలా అని ఊరి తేడా లేకుండా తెలుగువాళ్లంతా "ఏం అన్నయ్యా, స్విమ్మింగ్ పూల్ కొన్నారంట?" అని పలకరించడం మొదలుపెట్టారు.

ఆయన నవ్వడం మానేశాడు. ఒక గురువారం సాయంత్రం, "అమ్మేస్తున్నా. లీక్ ఉందని యాడ్‌లో రాసే పెట్టాను. శనివారం ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అప్పుడు తెలిసొచ్చింది. నా నోటి దురుసుకు ఆయన ముచ్చట బలైపోతోంది.

మర్నాడు మా ఆయన ఆఫీసుకు వెళ్లగానే పక్కింటి ఐరిష్ పెద్దాయన తలుపు తట్టాను. ఆయన రిటైరయ్యేదాకా ఏటా కారవాన్‌లోనే ఐర్లండ్ అంతా తిరిగిన మనిషి. వచ్చి చూసి, తడి కనిపించిన చోటే నీళ్లు దిగుతున్నాయనుకోవడం పొరపాటన్నాడు. ఎక్కడో దిగి, గోడలోని చెక్క వెంట నడిచి, పల్లానికి చేరతాయట. ఇంటి ముందు బండి నిలిపే మా డ్రైవ్‌వే ముందుకు వాలి ఉంది, అందుకే ముందు మూల తడుస్తోందన్నమాట. పైనుంచి ఒక్కసారిగా తడిపితే ఏమీ తెలియదని, నీళ్ల పైపుతో కింది నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి పోయాడు. ఒక్కో చోట పది నిమిషాలు. లోపల నేను టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడలయ్యాయి, కిటికీలయ్యాయి, చుక్క కూడా లేదు. తలుపు పైన నీళ్లు పెట్టిన కాసేపటికి మంచం కింద మూల తడి మెరిసింది.

నేను కేకేస్తే పెద్దాయన నిచ్చెన ఎక్కి చూశాడు. "ఈ రెండు స్క్రూలు కంపెనీవి కావే. ఎవరు పెట్టారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఎవరో కాదు, నేనే. కారవాన్ వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొట్టాం. మామూలు బండికైతే అది చాలు. కానీ దీనికి తలుపుంది, గడప ఉంది. గడప ఉన్నాక తోరణం లేకపోతే ఎలా? టేపుతో అంటించిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఈ దేశపు గాలికి అరగంటలో ఎగిరి పక్కింటి కంచె మీద పడింది. మా ఆయన ఆఫీసు కాల్‌లో ఉండగా నేనే డ్రిల్లు తీసి రెండు రంధ్రాలు చేసి, స్క్రూలు బిగించి, తోరణం కట్టి మురిసిపోయాను. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టిందనిపించింది.

పెద్దాయన స్క్రూలు పీకి, చెక్క కుళ్లలేదని చూసి, రంధ్రాలు పూడ్చాడు. సీలెంట్ ఆరాక మళ్లీ నీళ్లు పట్టాడు. ఈలోగా నేను తుడిచి ఆరబెట్టిన మూల పొడిగానే ఉంది. "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్ల మాటలో అంతా బాగుందని. తోరణం సంగతి చెప్తే పడీ పడీ నవ్వి, మీ ఆయనకు నేను చెప్పనులే అని కన్ను గీటాడు. నిజమే, నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చాలాసేపు మూసుకుందామనే అనుకున్నాను.

సాయంత్రం మా ఆయన బస్సు దిగి వచ్చాడు. బూట్లు విప్పుతుండగానే చెప్పేశాను. "లీక్ దొరికిందండీ. తలుపు మీద తోరణానికి నేను వేసిన స్క్రూలే. మీదేం తప్పు లేదు, కారవాన్‌దీ లేదు. అంతా నేనే."

ఆయన విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని బయటికి వెళ్లాడు. తలుపు పైన పూడ్చిన చోట వేలితో తడిమి చూశాడు. రెండు నెలలుగా నేను అన్న మాటలన్నీ వడ్డీతో సహా తిరిగొస్తాయని నిలబడ్డాను. ఆయన ఫోన్ తీసి, రేపు వస్తానన్న మనిషికి కలిపాడు.

"సారీ, అమ్మట్లేదండీ" అని ఇంగ్లీషులో చెప్పాడు. అవతలి మనిషి లీక్ సంగతి అడిగినట్టున్నాడు. "మా ఆవిడ కనిపెట్టింది" అన్నాడు. ఎందువల్ల వచ్చిందని కూడా అడిగాడు కాబోలు, మా ఆయన నా వైపు ఒకసారి చూసి, "పాత బండి కదా" అన్నాడు.

పండగ భోజనాల్లో నలుగురి ముందూ నేను ఆయన్ని నవ్వులపాలు చేశాను. ముఖం కూడా తెలియని మనిషి దగ్గర సైతం ఆయన నన్ను పట్టివ్వలేదు.