మా మామ మెచ్చిన ఎర్రతుండాయన

నిన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిస్తే, మా పూతలపట్టు వీధివాళ్ల గ్రూపులో ఎవరికి వాళ్లు ఒకే ఫోటో పెట్టి ఉన్నారు. భుజాన ఎర్ర తువ్వాలు, బానంత ఛాతీ, మెడ మీదికి దిగిన జుట్టు. దాని కింద మా వీధిలో ఒకాయన, ఇప్పుడు మనవళ్లున్న మనిషి, ‘మనోడు పోయినాడప్పా’ అని రాశాడు. అమెరికాలో యాడో పుట్టి, టీవీలో కుస్తీలు పట్టి, మా ఊరి పేరైనా వినకుండా పోయిన మనిషి మాకు మనోడు ఎట్లా అయ్యాడో ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు. నా కూతురు నవ్వింది కూడా. నా వయసువాళ్లు నవ్వరనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

తొంభైల్లో మాట. మిద్దెల మీద యాంటెన్నాలు తిప్పీ తిప్పీ విసిగిపోయిన రోజుల్లో, ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభానికి నల్లటి కేబుల్ తీగలు పాక్కుంటూ మా వీధికి వచ్చాయి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్త. వచ్చిన ఏడాది తిరక్కుండానే మా అత్త పోయింది, పొద్దున ఇంటిముందు ముగ్గేసిన మనిషి మధ్యాహ్నానికి లేదు. మా ఆయనకు తిరుపతిలో ఉద్యోగం, మొదటి బస్సుకు పోయి ఆఖరు బస్సుకు వచ్చేవాడు. ఇక పగలంతా ఇంట్లో మిగిలింది నేనూ, మా మామా.

ఆ కాలపు ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, మొహం చూసి మాట్లాడకూడదు. ఆయన గోడ వైపు తిరిగి ‘నీళ్లు కావాల’ అంటే, నేను తలుపును చూస్తూ ‘సంగటి అయింది’ అనేదాన్ని. ఆ గోడకూ తలుపుకూ నోరుంటే మా ఇద్దరికన్నా బాగానే కబుర్లు చెప్పుకుని ఉండేవి. అత్త ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి జరిగిపోయింది, ఆమె మా ఇద్దరికీ మధ్య మాటలు మోసేది. ఆమె పోయాక మా మామ చెరుకు తోట వైపు పోవడం మానేశాడు, గానుగ ఆడించడం వేరేవాళ్లకు పాలికి ఇచ్చేశాడు, పెట్టిన సంగటి ముద్దలో సగం కుక్కకు వేసేవాడు. మనిషి కళ్లముందే కరిగిపోతున్నాడు. తినండి అని చెప్పడానికి నాకు నోరు లేదు, ఆయన్ను అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ ముసలాయన నా చేతి కూడు తినలేకనే పోతాడేమో అని వంటింట్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

అట్లాంటి ఒక సాయంత్రం టీవీలో ఏదో తిప్పుతుంటే ఆ కుస్తీలు వచ్చాయి. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని ఆ మనిషి మెట్లెక్కుతుంటే, మా మామ వాలు కుర్చీలోంచి ముందుకు వంగాడు. మా వైపు బెల్లం మండీకి పోయే ఏ రైతు భుజాన చూసినా అట్లాంటి తుండుగుడ్డే ఉంటుంది కదా, ఆయనకు అది చాలింది. ఆ ఇంగ్లీషు పేరు నోరు తిరక్క ఎర్రతుండాయన అని పేరు పెట్టేశాడు. వారం తిరిగేసరికి వీధిలో మగవాళ్లంతా మా అరుగు మీదికి చేరారు, కిటికీ కమ్మీలకు పిల్లలు వేలాడారు, నేను వంటింటి తలుపు చాటున నిలబడి చూశాను. ఎర్రతుండాయన ఎవరినన్నా ఎత్తి కుదేసినప్పుడల్లా మా మామ ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. నేను అది కనిపెట్టి, కుస్తీ మొదలయ్యే వేళకే వేడి సంగటీ, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడీ ముందు పెట్టేదాన్ని. సిగ్గెందుకు, తలుపు చాటున నాకూ ఆ మనిషంటే ప్రాణం లేచి వచ్చేది.

అంతా బాగుందనుకునేసరికి ఒక వారం ముసుగేసుకున్న వాడెవడో వెనకనుంచి వచ్చి, ఎర్రతుండాయనను కుస్తీ బరి మీదనుంచి ఎత్తి కింద ఉన్న బల్ల మీద వేశాడు. బల్ల రెండు ముక్కలైంది, మనిషి లేవలేదు. మెడకు పట్టీ వేసి మోసుకుపోయారు. తర్వాతి వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. మా మామ మళ్లీ సగం ముద్ద దగ్గరికి వచ్చేశాడు. ఎర్రతుండాయన బాగుపడితే తిరుమల కొండకు పోయి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడని, అరుగు మీద మాటల్లో నా చెవిన పడింది.

ఆ మాటకే మా మరిది, అంటే మామ తమ్ముడి కొడుకు, తిరుపతిలో కాలేజీ చదువుతున్నవాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘పెదనాయనా, అదంతా నాటకం. గెలిసేదెవురో ఓడేదెవురో ముందే రాసి పెట్టుకుంటారు. దానికి పోయి గుండు కొట్టించుకుంటావా?’ అన్నాడు. అరుగంతా గొల్లున నవ్వింది. మా మామ మొహం ఎట్లా వాడిపోయిందో తలుపు సందులోంచి చూశాను, మరిదిని చీపురుతో కొట్టాలనిపించింది. ఆయన మాత్రం నిదానంగా, ఆ మాట కాణిపాకంలో చెబుతావా అని అడిగాడు. మా వైపు తగవు తేలకపోతే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటారు, అక్కడ అబద్ధమాడితే అంతే సంగతులని పసిపిల్లలకు కూడా భయం. కుస్తీ తగవును అక్కడిదాకా తీసుకుపోయినవాళ్లు మేము తప్ప ఇంకెవరూ ఉండరు. మరిది నవ్వు ఆగిపోయింది, తనకూ ఎవరో చెప్పిందే కానీ కళ్లారా చూడలేదని నసిగాడు.

అప్పుడు మా మామ తలుపు వైపు తిరిగాడు. తలుపు వైపు అంటే ఈసారి నిజంగా నా వైపు. ‘ఏమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఆయన పడింది నిజమా, అబద్దమా? కాణిపాకంలో సెప్పమన్నా సెప్పే మాటే సెప్పు’ అన్నాడు.

అది నాటకమని నేనూ కాలేజీలో విన్నదాన్నే. నిజమంటే వినాయకుడితో పెట్టుకున్నట్టు, అబద్ధమంటే ఈ మనిషి మళ్లీ కూటి దగ్గర కూర్చోడు. వీధి మగవాళ్లంతా చూస్తుండగా మొదటిసారి గడప దాటి వచ్చి, గెలుపోటముల సంగతి నాకు తెలియదు గానీ, అంత ఎత్తునుంచి బల్ల మీద పడితే ఎవరి ఒంటికైనా నొప్పి నిజమే మామా, ఆ మాట కాణిపాకంలోనైనా చెబుతాను అన్నాను.

‘నాకు అది సాలు’ అన్నాడాయన. ‘నేను భారతంలో భీముడి యేసం కట్టినోణ్ణి. గద సెక్కదైతే ఏమి, కింద పడే ఒళ్లు సెక్కది కాదు గదా.’

దేవుడి పేరెత్తాక పోకుంటే తప్పని మర్నాడే నన్ను బయల్దేరదీశాడు. బస్సులో ఆయన వెనక, నేను ముందు. గుళ్లో నన్ను ప్రమాణం చెయ్యనివ్వలేదు, ఇంటి ఆడపిల్ల చెప్పిన మాట చాలన్నాడు. అర్చన చేయిస్తానంటే పూజారి ఎవరి పేరు మీద అని అడిగాడు. మామ నా మొహం చూశాడు, నేను గొంతు తగ్గించి ఆ ఇంగ్లీషు పేరు చెప్పాను. అమెరికాలో ఉంటాడా అని పూజారి అడిగితే, అవును సామీ, మెడకు దెబ్బ తగిలింది అన్నాడు మామ. నక్షత్రం తెలియదన్నాడు. గోత్రం అడిగినప్పుడు మాత్రం దొరికిపోయామనుకున్నాను. మామ తడుముకోకుండా మా గోత్రం చెప్పాడు.

ఆ దొరపేరుకు ‘నామధేయస్య’ తగిలించి పూజారి చదువుతుంటే నాకు నవ్వు ఆగలేదు, పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కకు చూస్తే మా మామ కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు. బయటికి వచ్చాక, ప్రసాదం దొన్నె నా చేతికిస్తూ, ‘మీ అత్తకు ఇట్లా మొక్కుకునే టయిము కూడా ఇయ్యలేదమ్మా ఆ దేవుడు’ అన్నాడు. అప్పటికి గానీ ఆ మొక్కు అసలు ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. అక్కడే మెట్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని ప్రసాదం తిన్నాం, కూర్చోకూడదని ఇద్దరికీ గుర్తు రాలేదు.

కొన్ని వారాలకు ఎర్రతుండాయన మెడ పట్టీతోనే తిరిగొచ్చాడు. అరుగు మీద ఈలలు, కేకలు. మామ కొండకు పోయి నున్నటి గుండుతో దిగివచ్చి, అడిగినవాళ్లందరికీ మనోడి కోసమని చెప్పుకున్నాడు. తర్వాత చాలా ఏళ్లు నా చేతి కూడు తిన్నాడు, ఉప్పు తక్కువైందని నా మొహం మీదే దెప్పేవాడు. ఆ దెప్పులు నాకు ఎంత తీపిగా ఉండేవో ఆయనకు చెప్పనేలేదు.

ఇప్పుడు పిల్లలందరికీ అన్నీ తెలుసు, ఆట కాకముందే ఎవరు గెలుస్తారో ఫోన్లోనే చెప్పేస్తారు. మంచిదే, ఎవరూ మోసపోరు. నా కోడలు నా మంచం మీదే కాళ్లు చాపుకుని నాతో సినిమా చూస్తుంది, ఆ పాత తలుపు చాటు మళ్లీ రావాలని నేను పొరపాటున కూడా కోరుకోను. కానీ ముక్కూ మొహమూ తెలియనివాడి నొప్పికి ఇంటి గోత్రం ఇచ్చేసే మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారని మాత్రం అనిపిస్తుంది.

నిన్న ఆ వార్తలో, ఎన్నో ఏళ్లుగా పడీ పడీ ఆయన మెడా వెన్నూ అరిగిపోయాయని, ఆఖరి రోజుల్లో నొప్పితో నిద్రపోలేదని రాశారు. చదివి ఫోను కింద పెట్టి లేచి, స్నానాల గదిలోకి పోయి నూనె కూడా పెట్టకుండా తలమీద చన్నీళ్లు పోసుకున్నాను. తడి జుట్టుతో వస్తుంటే కూతురు అడ్డొచ్చి, ఉన్నట్టుండి ఈ తలస్నానమేమిటని అడిగింది.

మన గోత్రంవాడు పోయినాడమ్మా, మీ తాత ఉంటే నాకన్నా ముందే పోసుకునేవాడు అన్నాను.