పత్తిచేలో నా కేక

మొన్న మంగళవారం నన్ను పాము కరిచిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు కదా, అసలు సంగతి నా నోటితోనే వినండి. పాము కరవలేదు. అక్కడ పామే లేదు. కరిచి ఉంటే బాగుండేదని మాత్రం ఆస్పత్రి బల్ల మీద పడుకుని రెండుసార్లు అనుకున్నాను.

అంతకుముందు ఆదివారం ఊళ్లో మా సంఘం రీడింగ్ రూములో గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అంశం, మానసిక ఒత్తిడి. "ఒత్తిడి వ్యక్తిగత సమస్య కాదు, వ్యవస్థ పెట్టిన పుండు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమనేవాడు మన సంకెళ్లకు నూనె రాస్తున్నాడు" అన్నాను. చప్పట్లు కొట్టారు. విన్నవాళ్లలో మా పక్కచేను సుబ్బారావు బాబాయి, మిరపకోతల ముఠాని నడిపే కోటమ్మ పిన్ని కూడా ఉన్నారు.

అయితే అప్పటికి నెల్లాళ్లుగా నాకు నిద్ర లేదు. చిలకలూరిపేటలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీలో రోజూ ఎవరో ఒకరితో గొడవ. ఇంటికొస్తే చప్పుడు చేసే ఫ్యానుతో గొడవ. గుంటూరులో కౌన్సెలింగ్ కోర్సు చేస్తున్న మా అక్క నా వాలకం చూసి, ఉపన్యాసానికి వారం ముందే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపింది. ఒత్తిడికి సృజనాత్మక చికిత్సలు. "ఎవరికీ చెప్పన్లేరా, చేసి చూడు" అంది. తెలిస్తే రీడింగ్ రూములో మొహం ఎలా ఎత్తుకోను? తలుపు గడియపెట్టి మొదలుపెట్టాను.

మొదటిది బొమ్మకి రంగులు వెయ్యడం. మనసుకి తోచిన రంగు వెయ్యమన్నారు. పువ్వు, ఆకు, నెమలి, అన్నీ ఎరుపే వేశాను. ఎర్ర పెన్సిలు అయిపోయింది, కోపం అయిపోలేదు. తరవాత మట్టి. చేలోంచి నల్లరేగడి తెచ్చి బిగించిన పిడికిలి చేశాను. అమ్మ చూసి, "వినాయకుడా? తొండం అంత పొట్టిగా పెట్టావేంరా?" అని దానికి బొట్టు పెట్టింది. మూడోది, కోపం ఉన్నవాళ్లకి ఉత్తరం రాసి, పంపకుండా చించెయ్యడం. మా ప్రిన్సిపాలుకి నాలుగు పేజీలు రాశాను. అలవాటు కొద్దీ అడుగున 'ప్రతులు: కలెక్టరు గారికి, విలేకరులకు' అని కూడా చేర్చాను. చించడానికి రెండు రోజులు చెయ్యి రాలేదు. డిమాండ్లు అంత బాగా కుదిరాయి.

ఇక మిగిలింది ఆఖరిది. ఒంటరిగా బయటికెళ్లి, మాటలేవీ లేకుండా, గుండె ఖాళీ అయ్యేదాకా అరవడం.

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి మధ్యాహ్నం మా పత్తిచేలోకి వెళ్లాను. పత్తి తీతలు అయిపోయి, ఉత్త కట్టె మిగిలింది. పక్కన బాబాయి చేలో మిరపకోతలు, కానీ మనిషి కనబడలేదు. అన్నాలకి వెళ్లారనుకున్నాను. వెళ్లిన మాట నిజమే. ట్రాక్టరు ట్రక్కు నీడకి వెళ్లారు, నాకు కనబడని వైపు.

కళ్లు మూసుకుని అరిచాను. నా గొంతుకి నాకే భయం వేసింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మూడోది సగంలో ఉండగా కళ్లు తెరిస్తే, ఇరవై మంది కర్రలు పట్టుకుని చేలకి అడ్డంపడి పరుగెత్తుకొస్తున్నారు. నా పిలుపుకి జనం అలా కదిలి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.

"ఏరా, ఎటు పోయింది?" బాబాయి కర్రతో పత్తికట్టె బాదుతున్నాడు.

"ఏది బాబాయ్?"

"పాము."

"పామేం లేదు. అదీ... అంటే..."

"మాట తడబడతంది. కూర్చోబెట్టండి" అంది కోటమ్మ పిన్ని.

తడబడింది విషం వల్ల కాదు, అబద్ధం వెతుక్కోవడం వల్ల. ఆదివారం నా ఉపన్యాసం విన్న ఇద్దరూ ఎదురుగా నిలబడి ఉంటే ఏం చెప్పను? ముల్లు గుచ్చుకుందన్నాను. అదే కొంప ముంచింది. కాలు పట్టుకుని చూశారు. పత్తికట్టె గీరిన చోట పక్కపక్కనే రెండు ఎర్రటి చుక్కలు.

"ఒక ముల్లు రెండు చోట్ల గుచ్చుకుద్దా?" అంటూ బాబాయి తలగుడ్డ విప్పి నా పిక్క మీద బిగించాడు. పిన్ని గుప్పెడు వేపాకు తెచ్చి నోట్లో కుక్కింది. విషం ఎక్కినవాడికి చేదూ కారమూ తెలియవని మా వైపు నమ్మకం.

"చేదుగా ఉందా?"

"ఉంది పిన్నీ."

అందరూ కాస్త తేరుకున్నారు. అక్కడితో ఆగితే బతికిపోయేవాణ్ణి. పిన్ని ఒక పండు మిరపకాయ తెచ్చి కొరకమంది. కొరికాను. నాలుక నుంచి చెవుల దాకా మంట. "కారం తెలుస్తందా?" అన్నాడు బాబాయి. చుట్టూ ఇరవై మంది. మిరపచేలో పుట్టి పెరిగినవాణ్ణి, కారంగా ఉందని నలుగురిలో ఎలా ఒప్పుకోను?

"ఇదీ ఒక కారమేనా" అన్నాను.

పిన్ని గుండెలు బాదుకుంది. "ఎక్కిపోయిందర్రా, బండి తియ్యండి."

మోటారు సైకిలు మీద బాబాయి ముందు, నేను మధ్యలో, పిన్ని వెనక. నేను కళ్లు మూసినప్పుడల్లా పిన్ని చెంప మీద కొట్టింది. మంటకి కళ్లు వాటంతటవే మూసుకుపోతున్నాయి, ఆవిడ చెయ్యి ఆగలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు తలగుడ్డ విప్పించి, ఇలా కట్లు కట్టడం, వేపాకు పరీక్షలు పెట్టడం తప్పని ఇద్దరినీ గట్టిగా కేకలేసింది. తరవాత చుక్కలు చూసి, "ఇది కాటులా లేదు. అయినా రాత్రికి ఇక్కడే ఉంచి చూద్దాం. అసలెందుకు అరిచావు?" అంది. నేను సీలింగు వైపు చూశాను. ఇంతలో బాబాయి ఫోన్ చెవికి పెట్టుకుని, "వదినా, నువ్వేం కంగారుపడకు, మనవాడికి..." అని మొదలుపెట్టాడు. అవతల అమ్మ గొంతు అప్పుడే మారిపోవడం నాకు బల్ల మీదికి వినబడింది.

"అమ్మకి ఏమీ లేదని చెప్పు బాబాయ్. నన్నేం కరవలేదు. మనసు బాగోలేక అరిచాను. అదొక థెరపీ. ఒత్తిడి తగ్గుతుందంటే చేశాను."

బాబాయి అమ్మకి ఏదో సర్దిచెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పిన్ని బల్ల దగ్గరికి వచ్చింది.

"చేతిలో ముద్ద పారేసి పరుగెత్తుకొచ్చాంరా మేం" అంది. మళ్లీ తనే, "నిద్ర పట్టట్లేదా?" అని అడిగింది.

"నెల్లాళ్లయింది."

"ఆదివారం అంతసేపు మాట్లాడావు. ఈ ముక్క చెప్పలేదే?"



మర్నాడు పొద్దున ఆస్పత్రి నుంచి బైటికొచ్చాక బాబాయి బండి స్టాండు తీస్తూ అన్నాడు. "అరవాలని ఉంటే చెప్పాలిరా. మెట్టచేలో జొన్న గింజ పట్టింది, పిట్టలు పడి తినేస్తన్నాయి. పొద్దునా సాయంత్రం మంచె ఎక్కి ఎంతసేపైనా అరువు. ఎవ్వరం రాం."

ఇవాళ్టికి నాలుగో రోజు. మంచె ఎక్కుతున్నాను. పనయ్యాక పిన్ని కూడా వచ్చి కింద కూర్చుని ఊరి కబుర్లు చెబుతోంది, నా కబుర్లు అడుగుతోంది. నిద్ర పడుతోంది. పిట్టల్ని తోలే పనే సాగటంలేదు. నిన్న సాయంత్రం "దోపిడీ నశించాలి" అని పావుగంట గొంతు చించుకున్నాను. ఒక్క పిచ్చుక లేవలేదు. కంకుల మీద వరసగా కూర్చుని, తింటూనే శ్రద్ధగా విన్నాయి. బాబాయి వచ్చి ఖాళీ నూనెడబ్బా మీద కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. చేనంతా ఒక్కసారి లేచిపోయింది.

"నీ మాటలకి ఇవి అలవాటుపడిపోయాయిరా" అని డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఇది వాయించు."

వాయిస్తున్నాను.