నొప్పి ఉన్నచోట చెయ్యి

మా మణుగూరు ప్రార్థన మందిరంలో ఈమధ్య చాపలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సౌకర్యమే, కాదనను, కానీ మనిషి కాస్త కదిలితే చాలు, కుర్చీ కిర్రుమని సంఘమంతటికీ కబురు పెడుతుంది. చాప ఎంత అశాంతినైనా కడుపులో దాచుకునేది. పోయిన ఆదివారం నా కుర్చీ అలా చాడీలు చెబుతుండగానే పాస్టరుగారు మైకులో, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకోండి, ప్రార్థన చేద్దాం అన్నారు. బుద్ధిమంతుడిలా మోకాలి మీద పెట్టుకున్నాను. పెట్టుకున్నాక నాయన గుర్తొచ్చాడు.

నాయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఒకసారి బూర్గంపాడులో పెళ్లికి పోవాలని తన షిఫ్టును తనతో జోడీగా పనిచేసే మనిషికి అప్పగించి వెళ్లాడు. ఆ షిఫ్టులోనే గని కప్పు కూలి ఆ మనిషి పోయాడు. నాయన ఒంటిమీద గీతైనా పడలేదు, అదే ఆయన జబ్బయింది. కూర్చుని అన్నం తినడం మానేశాడు. కంచం చేతపట్టుకుని, బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు గోడకూ గడపకూ మధ్య నడుస్తూ తినేవాడు. దవాఖానాలో డాక్టరు అంతా చూసి, రోగమేమీ లేదని టానిక్కు రాసిచ్చాడు. దాన్నీ నడుస్తూనే తాగాడు. పోయిన ఆయన భార్యను మేము చిన్నమ్మ అనేవాళ్లం. ఆమె క్వార్టరు మా వెనక లైనులోనే. ఆ గుమ్మం దాటాల్సి వస్తుందని నాయన బజారుకు కూడా అడవి వైపునుంచి చుట్టు తిరిగి పోయేవాడు. డిగ్రీ చదువుతున్న నేను అది వ్యాయామం అనుకున్నాను.

చివరికి అమ్మ ఆయనను ప్రార్థనకు లాక్కొచ్చింది. అప్పటి అయ్యగారు ముసలాయన, మైకు లేదు, ఆ గొంతుకు అవసరమూ లేదు. ఒంటికి దవాఖానా ఉంది, ఆత్మకు వైద్యుడు క్రీస్తు ప్రభువే, ఆయనకు నొప్పి చూపించండి చాలు అని, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకోమన్నాడు. అందరి చేతులూ నడుముల మీదో, దవడల మీదో, కడుపుల మీదో వాలాయి. నాయన చెయ్యి మాత్రం ఛాతీ దాకా వచ్చి, నుదుటి దాకా పోయి, దిగే చోటు దొరక్క గాలిలో ఉండిపోయింది. ప్రార్థన సగంలో ఉండగానే లేచి బయటికి నడిచాడు. పరువు పోయిందని అమ్మ, ఏమైపోతాడోనని నేను వెంటపడ్డాం.

ఆయన నేరుగా వెనక లైనుకు పోయి, ఆ చేత్తోనే చిన్నమ్మ తలుపు పట్టుకుని ఏడ్చాడు. చిన్నమ్మ తలుపు పూర్తిగా తీసింది.

"ఇన్ని దినాలకు దొరికిందా అన్నా తోవ? ఆయనైతే పోయిండు, నువ్వన్న వస్తవనుకున్న. కూసో, అన్నం పెడత."

నాయన కూర్చున్నాడు. కూర్చుని తిన్నాడు. మరుసటి ఆదివారం సాక్ష్యం చెప్పమంటే లేచి, బాగయింది అని ఒక్క మాట అన్నాడు; ఏది బాగయిందో అయ్యగారూ అడగలేదు. టానిక్కు పనిచేసిందని డాక్టరు చాలాకాలం సంతోషించాడు.

మన ఈడు వాళ్లకు తెలుసు, అప్పట్లో ఒకరిని తప్పించుకోవాలంటే అడవి చుట్టి రావాల్సి వచ్చేది. నడిచీ నడిచీ ఎప్పుడో ఒకప్పుడు కాళ్లే విసుగెత్తి వాళ్ల గుమ్మంలో దించేవి. ఇప్పుడు ఫోనులో బ్లాక్ చేస్తే సరి, కాళ్లకు శ్రమ లేదు. అమ్మ పోయినప్పటినుంచి తమ్ముడికీ నాకూ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఇద్దరం చెరో కారణం చెబుతాం. అతనూ ఈ మందిరానికే వస్తాడు, నా ముందు వరుసలోనే కూర్చుంటాడు. అతని కుర్చీ కూడా కిర్రుమంటూనే ఉంటుంది.

ప్రార్థన ముగిసేదాకా నా చెయ్యి మోకాలి మీదే ఉంది. ఆమెన్ అన్నాక మా ఆవిడ ఆ చేతి వంక చూసి, గొంతు తగ్గించకుండానే అంది:

"నొప్పి గాడ లేదయ్యా. ముందటి వరుసల కూసున్నది."